ఎన్‌కే కణాలుండగా సీఎంవీ ఎలా తప్పించుకుంటుంది?

కిడ్నీ మార్పిడి తర్వాత మీ నాన్నగారికి సీఎంవీ (సైటోమెగాలోవైరస్) వచ్చిందన్నారు. వైరస్ సోకిన కణాలను చంపే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు ఏం చేస్తున్నాయని అడిగారు. నా పీహెచ్‌డీ ఈ కణాల మీదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన కణాలన్నిటి మీదా దాదాపుగా హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలను అవి బయటికి చూపిస్తాయి. వాటిలో వైరస్ ముక్క కనబడితే టీ కణాలు (ఒక రకం తెల్లరక్తకణాలు) ఆ కణాన్ని చంపేస్తాయి. అందుకే సీఎంవీ ముందుగా హెచ్‌ఎల్‌ఏ మీదే పడుతుంది. దాని యూఎస్2, యూఎస్11 ప్రోటీన్లు హెచ్‌ఎల్‌ఏను పైకి రాకముందే పట్టుకుని నాశనం చేయిస్తాయి.

అయితే ఎన్‌కే కణాలు చూసేది హెచ్‌ఎల్‌ఏ లేకపోవడాన్నే. ఉంటే ఆగుతాయి, లేకపోతే చంపుతాయి. 1986లో స్వీడన్‌కు చెందిన క్లాస్ కారె బృందం ఎలుకల్లో దీన్ని చూపించింది. మా ల్యాబ్‌లో హెచ్‌ఎల్‌ఏ దాదాపు లేని కే562 అనే లుకేమియా కణాలు వాడేవాళ్లం. దాతల రక్తం నుంచి తీసిన ఎన్‌కే కణాలను వాటితో కలిపితే, ముందు పరిచయమేమీ లేకుండానే, నాలుగు గంటల్లో చాలా కణాలు చచ్చిపోయేవి. ఎన్‌కే కణాలు పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో కన్నం పెట్టి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లను లోపలికి పంపి చంపుతాయి.

దీనికీ సీఎంవీ దగ్గర ఉపాయం ఉంది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది దాని యూఎల్40 ప్రోటీన్. హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే రకం, మిగతా హెచ్‌ఎల్‌ఏల మొదట్లోంచి తెగిన చిన్న ముక్కను పట్టుకుని కణం పైకి వస్తుంది. ఎన్‌కే కణానికి అది చూపించే గుర్తింపు కార్డు లాంటిది. మిగతా హెచ్‌ఎల్‌ఏలు పోతే ఆ ముక్క దొరకదు, కార్డూ ఉండకూడదు. కానీ యూఎల్40లో అచ్చం అలాంటి ముక్కే ఉంటుంది. పైగా కణంలో ముక్కలు మామూలుగా వెళ్లే దారిని వైరసే యూఎస్6తో మూసేస్తుంది, తన ముక్కకు మాత్రం ఆ దారితో పనిలేదు. ఇది కాక, కష్టంలో ఉన్న కణం పైకి పంపే ప్రమాద సంకేతాలను వైరస్‌దే మరో ప్రోటీన్ యూఎల్16 లోపలే ఆపేస్తుంది.

మన శరీరమూ ఊరుకోదు. ఎన్‌కేజీ2సీ అనే గ్రాహకం (రిసెప్టర్) ఉన్న ఎన్‌కే కణాలు అదే హెచ్‌ఎల్‌ఏ-ఈని చూసి ఆగిపోవడానికి బదులు దాడికి దిగగలవు. సీఎంవీ సోకిన కొందరిలో ఇవి బాగా పెరుగుతాయి. కణాలను రకాలుగా గుర్తించి లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో ఆ గుంపు విడిగా కనబడితే నాకు భలే సంతోషంగా ఉండేది.

కాబట్టి మీ నాన్నగారి ఎన్‌కే కణాలు చేతులెత్తేశాయని అనుకోకండి. సీఎంవీ చాలామందిలో ఎప్పుడో చేరి నిద్రాణంగా ఉంటుంది, దాత కిడ్నీతోనూ రావచ్చు. దాన్ని అదుపులో పెట్టడంలో టీ కణాలది పెద్ద పాత్ర. కొత్త కిడ్నీని కాపాడే టాక్రోలిమస్ లాంటి మందులు అణచేది ముఖ్యంగా వాటినే. అప్పుడు భారం ఎన్‌కే కణాల మీద పడుతుంది, వాటిని ఏమార్చే ఏర్పాట్లు వైరస్ దగ్గర ముందే ఉన్నాయి.

ఒక్క మాట, ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడులు, కషాయాలు డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకండి. వాటివల్ల రక్తంలో టాక్రోలిమస్ స్థాయి అటూఇటూ అయితే కిడ్నీకే ప్రమాదం. సీఎంవీకి ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ మందు రాసి ఉంటే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. పీసీఆర్ పరీక్షలో వచ్చే వైరస్ లోడ్‌తో పాటు, విడిగా తెల్లరక్తకణాల కౌంట్ కూడా చూపించండి, ఆ మందుకి అది పడిపోవచ్చు.