మా పాత డ్రైవర్‌ని రాష్ అంటోంది ఆ డబ్బా, నమ్మాలా?

ప్రశ్న: సార్, మాకు జయపురంలో పికప్ వ్యాన్లున్నాయి. డ్రైవింగ్ చూసి మార్కులేసే ఏఐ డబ్బాలు పెట్టించాం. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా సరుకు తెచ్చే పాత డ్రైవర్ చాలా నెమ్మదస్తుడు, ఆయనకే రోజూ "రాష్" అని వస్తోంది, నవరంగపూర్ వైపు తిరిగే కుర్రాడికేమో ఫుల్ మార్కులు. జీతంలో కోత పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: కోత మాట ఇప్పుడే ఎత్తకండి బాబూ. మామూలుగా ఆ డబ్బాలో ఉండేది యాక్సిలరోమీటర్, గైరోస్కోప్, జీపీఎస్, బండి ఎంత గట్టిగా ఆగింది ఎంత తిరిగింది అని సెకనుకి చాలాసార్లు రాసుకుంటాయంతే. మెషిన్ లెర్నింగ్, అంటే పాత ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ, ఆ అంకెల్ని ముందే "మామూలు", "దూకుడు" అని గుర్తుపెట్టిన పాత ట్రిప్పులతో పోల్చి చూస్తుంది, మరి ఆ ట్రిప్పులు ఏ రోడ్డువి? 2016లో స్పెయిన్‌లోని అల్కలా యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన డేటా ఈ రంగంలో బాగా తెలిసిందే, అందులో డ్రైవర్లు 6గురు, మామూలుగా, నిద్రమత్తులో ఉన్నట్టు, దూకుడుగా నడిపి చూపించారు, రోడ్లేమో ఒకటి మోటార్‌వే, ఇంకోటి దానికంటే చిన్నది. అలాంటి చోట చదువుకున్నదానికి సుంకి మలుపులు ఏం అర్థమవుతాయి చెప్పండి, స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ తప్పే అంటుంది.

ఇంకో తిరకాసు వాలు. 6 డిగ్రీల వాలులో బండి ఒకే స్పీడులో దిగుతున్నా, గురుత్వం వల్ల సెన్సార్‌కి సెకనుకి సెకనుకి 1 మీటరు చొప్పున బ్రేక్ వేసినట్టే కనిపిస్తుంది. సడన్ బ్రేక్ అనడానికి 3 దగ్గర గీత పెట్టారనుకోండి, మూడో వంతు బ్రేక్ తొక్కకుండానే అయిపోయింది! పైగా మీ పాతాయన ఎక్కిన గేర్‌లోనే దిగే రకం అయ్యుంటాడు, ఇంజిన్ రొద పెరుగుతుంది, డబ్బా ఓబీడీ పోర్ట్‌కి (ఇంజిన్ వివరాలు బయటికిచ్చే సాకెట్) కలిపి ఉంటే దాన్నీ "అనవసరంగా రేజ్ చేశాడు" అని రాసుకోవచ్చు. బ్రేకులు వేడెక్కకుండా కాపాడేదే ఆ పద్ధతి కదా.

అమ్మినవాణ్ణి రెండు అడగండి: వాలు లెక్క తీసేస్తున్నారా, అదే మలుపులో వేరే బళ్లతో పోలుస్తున్నారా అని. నీళ్లు నమిలితే ఆ మార్కులు పక్కనపెట్టండి. 2022లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ డ్రైవింగ్ తీరుని బట్టి ఇన్సూరెన్స్ ప్రీమియం పెట్టుకోవచ్చంది, రేపు ఇలాంటి మార్కులు అక్కడికీ చేరతాయి, అందుకే ఇప్పుడే గట్టిగా అడగాలి. ఈలోగా డ్రైవర్లిద్దర్నీ కొన్నాళ్లు రూట్లు మార్చి అదే బండి అదే లోడుతో పంపండి, మలుపుకి ముందు ఎవరు స్పీడు తగ్గిస్తున్నారో జీపీఎస్‌లో చూడండి. కుర్రాడికి ఘాట్‌లో ఎన్నొచ్చాయో నాకూ రాయండి.