టెక్ సందేహాలు: ఆగస్టును ఒప్పుకోని ప్రోగ్రామ్

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గరి పల్లె. నాన్నగారి మామిడి మండీ లెక్కల కోసం సీ భాషలో చిన్న టెర్మినల్ ప్రోగ్రామ్ రాశాను. తేదీ, తూకం, రైతు పేరు వరుసగా అడిగి ఫైలులో రాసుకుంటుంది. జూన్, జులై నెలల్లో 8, 9 తేదీలలో మాత్రం తేదీ (08-06-2025 లాగా) కొట్టగానే మిగతావి నన్ను కొట్టనివ్వకుండా తూకం 8 లేదా 9 అనీ, రైతు పేరు ‘-06-2025’ అనీ రాసుకుంది. ఆగస్టు 1 నుంచి రోజూ ఇదే వరస. ఒకసారి తూకం 1,250 అని కొడితే 1 కిలో అని పడింది, పేరు దగ్గర ‘,250’ అని వచ్చింది. కొట్టినదాన్ని చదివే స్కాన్‌ఎఫ్ ఫంక్షన్‌లో తేదీకి పర్సెంట్ ఐ (%i), తూకానికి పర్సెంట్ డి (%d), పేరుకు పర్సెంట్ ఎస్ (%s) వాడాను.

జవాబు: పేరు గడిలో ఏం పడిందో చూసి రాశారు కనుక సగం పని మీరే చేసిపెట్టారు. స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ డి ఎప్పుడూ మామూలు పదుల లెక్కలోనే చదువుతుంది. పర్సెంట్ ఐ అలా కాదు. సంఖ్య 0తో మొదలైతే దాన్ని ఆక్టల్ (ఎనిమిదుల లెక్క) సంఖ్యగా భావిస్తుంది. ఆక్టల్‌లో 0 నుంచి 7 వరకే అంకెలుంటాయి కాబట్టి 07 దాకా ఏ గొడవా రాదు, 10 తర్వాతా రాదు. 08 దగ్గర మాత్రం 0ని తీసుకుని, 8 తనకు చెందదని అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత రావలసిన గీత స్థానంలో 8 కనబడడంతో తేదీ చదవడం మధ్యలోనే ముగుస్తుంది. ఆగస్టు నెల సంఖ్యే 08 కాబట్టి ఆ నెలంతా రోజూ ఇదే జరుగుతుంది.

మిగిలిపోయిన ‘8-06-2025’ ఎక్కడికీ పోదు, కొట్టినవి చదివేదాకా నిలవ ఉండే ఇన్‌పుట్ బఫర్‌లోనే కూర్చుని ఉంటుంది. తూకం అడిగిన స్కాన్‌ఎఫ్ మీ కీబోర్డు కోసం ఎదురుచూడకుండా అందులోంచి 8ని తీసుకుంటుంది, తక్కిన ముక్క పేరుగా మారుతుంది. 1,250 కథా ఇదే. కామా అంకె కాదు కాబట్టి 1 దగ్గర చదవడం ఆగింది. తేదీకి పర్సెంట్ డి పెడితే మొదటి చిక్కు తీరుతుంది గానీ, టన్నుంపావు తోతాపురి ఒక్క కిలోగా మారే రెండో చిక్కు అలాగే ఉంటుంది, మండీలో అసలు భయపడవలసింది దానికే.

నా ఉద్దేశంలో, యంత్రం వరుస తప్పకుండా రాసిన ఫైలును చదవడానికి స్కాన్‌ఎఫ్ బాగానే పనికొస్తుంది, మనిషి వేళ్లతో కొట్టేదాన్ని నేరుగా దాని చేతికి ఇవ్వకూడదు. ముందు ఎఫ్‌గెట్స్ అనే ఫంక్షన్‌తో, ఎంటర్ దాకా కొట్టిన వరుస మొత్తాన్ని ఒక అర్రే (అక్షరాలు దాచే గడుల వరుస)లోకి తీసుకోండి, ఆ తర్వాతే అందులో ఏముందో పరిశీలించండి. అప్పుడు ఒక జవాబులోని తప్పు తర్వాతి ప్రశ్నలోకి జారదు. (పేరు దగ్గరగా ఉంది కదా అని గెట్స్ వాడవద్దు. అర్రే పరిమాణం తెలియని ఆ ఫంక్షన్ 1988లో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తనంతట తానే పాకిన ఇంటర్నెట్ వర్మ్ అనే ప్రోగ్రామ్‌కు ఒక దారి అయింది, 2011 సీ ప్రమాణంలో దాన్ని తీసేశారు.)

తేదీ వరుసను ఎస్‌స్కాన్‌ఎఫ్‌కు (కీబోర్డు బదులు అర్రేలోంచి చదివే స్కాన్‌ఎఫ్‌కు) ఇచ్చి, అది తిరిగి ఇచ్చే విలువ 3 అవునో కాదో తప్పక చూడండి. ఎన్ని అంశాలు నిండాయో చెప్పేది ఆ విలువే. అయితే 31-02-2025 కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది కనుక నెలకు ఎన్ని రోజులో మీరే సరిచూడాలి. తూకానికి, అక్షరాలను సంఖ్యగా మార్చే ఎస్‌టీఆర్‌టీఓడీ (strtod) వాడండి. సంఖ్యతో పాటు తాను ఎక్కడ ఆగిందో కూడా ఒక పాయింటర్‌లో (చోటును చూపే గుర్తులో) చెబుతుంది. అసలేమీ చదవకపోయినా, ఆగిన చోట వరుస చివరి న్యూలైన్ (ఎంటర్ గుర్తు) కాక కామాయో ‘కేజీ’ అనే మాటో ఉన్నా, కామా లేకుండా అంకెలు మాత్రమే కొట్టమని మళ్లీ అడగండి. కామాను ప్రోగ్రామే గుట్టుగా తీసేయడం నాకు నచ్చదు, ఎందుకంటే చుక్క బదులు కామా పడిన 12,5 అప్పుడు 125 అయిపోతుంది.

రైతుల పేర్లు తెలుగులో కొట్టించాలనుకుంటే అర్రే పెద్దది పెట్టుకోండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. ‘తిరుపతి’ కంటికి నాలుగు అక్షరాలే అయినా 21 బైట్లు, 20 బైట్ల అర్రేలో పట్టదు. 256 పెడితే నిశ్చింత.

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. స్కాన్‌ఎఫ్ తర్వాత ఎఫ్‌గెట్స్ పెడితే పేరు అడగకుండానే దాటిపోతోంది. మధ్యలో, కీబోర్డు ఇన్‌పుట్‌ను ఖాళీ చేయడానికి ఎఫ్‌ఫ్లష్ ఆఫ్ ఎస్‌టీడీఇన్ (fflush(stdin)) పెట్టమన్నారు. ల్యాబ్‌లో పనిచేసింది, గదిలోని లినక్స్‌లో పనిచేయడం లేదు.

జవాబు: సంఖ్య తర్వాత మీరు నొక్కిన ఎంటర్ బఫర్‌లోనే మిగిలి ఉంటుంది, దాన్నే ఎఫ్‌గెట్స్ ఖాళీ వరుసగా అందుకుంటుంది. ఎఫ్‌ఫ్లష్ అవుట్‌పుట్‌ను బయటికి పంపడానికి ఉద్దేశించినది. కీబోర్డు ఇన్‌పుట్ మీద దాన్ని వాడితే ఏం జరగాలో సీ ప్రమాణం నిర్వచించలేదు. కొన్ని పాత కంపైలర్లు బఫర్‌ను ఊడ్చేసేవి, మీ లినక్స్ ఆ పని చేయదు. మీరూ పైన చెప్పినట్లు అన్నింటినీ ఎఫ్‌గెట్స్‌తోనే చదవండి. ల్యాబ్ రికార్డు కోసం స్కాన్‌ఎఫ్ తప్పనిసరైతే, న్యూలైన్ వచ్చేదాకా గెట్‌చార్ ఫంక్షన్‌తో ఒక్కొక్క అక్షరాన్ని చదివి వదిలేసే చిన్న లూప్ పెట్టుకోండి. గెట్‌చార్ ఫలితాన్ని చార్‌లో కాక ఇంట్‌లో ఉంచి ఈఓఎఫ్‌నూ (ఇన్‌పుట్ ముగిసిందనే గుర్తును) పరీక్షించండి, లేకుంటే ఇన్‌పుట్‌ను ముగించే కంట్రోల్-డి నొక్కిన రోజున ఆ లూప్ ఎప్పటికీ ఆగకపోవచ్చు.