పానకం లెక్కలో ముందు ఏది మారలేదో చూడండి

మీ అమ్మాయికి ఇచ్చిన లెక్క ఇది: బెల్లం పాకం, నీళ్లు 2:7 నిష్పత్తిలో ఉన్న పానకం 36 లీటర్లు; అది 1:5 కావాలంటే ఇంకెన్ని నీళ్లు పోయాలి? జవాబు 12 లీటర్లు.

2:7 అంటే మొత్తం 9 వాటాలు. 36ను 9తో భాగిస్తే వాటాకు 4 లీటర్లు. అంటే పాకం 8, నీళ్లు 28. మనం పోసేది నీళ్లే కాబట్టి పాకం 8 లీటర్లలో మార్పు లేదు. 1:5లో ఒక వాటా 8 అయితే అయిదు వాటాలు 40. ఉన్నవి 28, పోయవలసినవి 12.

విజయనగరంలో చాలాకాలంగా ట్యూషన్ చెబుతున్నాను. పిల్లలు జారేది ఎక్కువగా మొదటి మెట్టు మీదే. 2:7 చూడగానే పాకం మొత్తంలో 2/7 వంతు అనేస్తారు. 36ను 7తో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి అనుమానమైనా వస్తుంది. అందుకే నేను కావాలనే 63 లీటర్లు ఇస్తాను. అది 7తోనూ పోతుంది, 9తోనూ పోతుంది. పాకం 18 అని రాసినవాళ్లను నీళ్లెన్ని అని అడిగితే, వాటాకు 9 చొప్పున 63 అంటారు. రెండూ కలిపితే 81. గంగాళంలో ఉన్నది 63 కదా! అప్పుడు ఎవరూ చెప్పకుండానే 14 దగ్గరకు వస్తారు.

మొదటి రోజే ఎక్స్ అనుకొని సమీకరణం రాయించవద్దని నా గట్టి అభిప్రాయం. శ్రీరామనవమికి మా వీధి పందిట్లో పానకం కలిపేటప్పుడు పిల్లలను దగ్గర నిలబెట్టుకుంటాను. మిరియాలు, యాలకులు పెద్దవాళ్లు చూసుకుంటారు. చెంబులు లెక్కపెట్టడం పిల్లల పని. (బెల్లం కిలోల్లో, నీళ్లు లీటర్లలో ఉంచి వాటాలు వేయకూడదు. ముందే బెల్లం కరిగించి, వడకట్టి, ఆ పాకాన్నీ చెంబుతోనే కొలుస్తాం.) తీపి ఎక్కువైందని ఎవరో నీళ్లు పోస్తారు. పాకం తగ్గిందా అని అడుగుతాను. లేదు, పలుచబడిందంతే అంటారు. ఈ రకం లెక్కకు అదే తాళంచెవి.

కొంత పానకం తీసి నీళ్లు పోశారంటే మాత్రం పాకమూ తగ్గుతుంది. తీసినదాన్ని అదే నిష్పత్తిలో విడదీసి, ముందు రెండింటిలోనూ తగ్గించాలి.

ఇక 1:2 పానకం, 1:3 పానకం సమానంగా కలిపితే 2:5 అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. చెరి 12 లీటర్లు తీసుకోండి: మొదటిదానిలో 4, 8, రెండోదానిలో 3, 9. కలిపితే 7:17. పన్నెండే ఎందుకంటే అది 3తోనూ 4తోనూ పోతుంది. మీ అమ్మాయిని చెరి 24 లీటర్లతో ఒకసారి చేసి చూడమనండి, నిష్పత్తి మారదు.