క్యాంపర్ వ్యాన్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ: షోరూంది తీసుకోండి, బిల్డర్‌ది వదిలేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డీజిల్ హైరూఫ్ వ్యాన్ బుక్ చేశారు. హైదరాబాద్ జీడిమెట్లలో ఒక బిల్డర్ దాన్ని క్యాంపర్‌గా, అంటే లోపల మంచం, పొయ్యితో చిన్న ఇల్లులా, కట్టిస్తాడు. షోరూం వాళ్ళు 3 ఏళ్ళ కంపెనీ వారంటీ అయిపోయాక ఇంకో 2 ఏళ్ళకి 38,000 అడుగుతున్నారు. బిల్డర్ ఏమో లోపలి ఇంటి భాగానికి 3 ఏళ్ళ ఫుల్ ప్యాకేజీ అని 75,000 చెప్పాడు. మీ నాన్నగారు రెండూ తీసుకోమంటున్నారు, మీవారు రెండూ దండగ అంటున్నారు.

ఇద్దరికీ చెరి సగం మార్కులు. షోరూంది తీసుకోండి, కానీ సంతకం పెట్టేముందు ఒక ఉత్తరం రాయించుకున్నాకే. బిల్డర్‌ది వద్దు. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ వేస్తే మొత్తం 1,33,340 అవుతుంది. కొటేషన్లలో ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ముందే చెప్తున్నా.

మాదీ ఇలాంటి బండే. సైనిక్‌పురిలో ఉంటాం. పిల్లలు, మా అమ్మ, నేను, మా ఆవిడ సెలవులొస్తే దాంట్లోనే తిరుగుతాం. కంపెనీ పేరు, బిల్డర్ పేరు మాత్రం అడగకండి. పాడవడం ఏ బండికైనా ఉండేదే. ఆ తర్వాత ఎవరు ఏమన్నారన్నదే మీకు పనికొచ్చే విషయం.

గండికోట నుంచి తిరిగొస్తూ కర్నూలు దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ గుర్తు వెలిగింది. కాసేపటికి స్టీరింగ్ బరువెక్కింది, లైట్లు మసకబారాయి. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోయింది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే కార్లు మోసే చిన్న లారీ వచ్చింది. డ్రైవర్ కిందికి దిగి, బండి చుట్టూ ఒకసారి నడిచి, పైన ఏసీ డబ్బా వైపు చూసి, "దీని హైటు, వెయిటు నా బండికి సరిపోవన్నా" అని చక్కా వెళ్ళిపోయాడు. ఇంకో పెద్ద బండి వచ్చేసరికి చీకటి పడింది. (మీ స్కీమ్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలిపి ఇస్తున్నాం అంటారు చూడండి, అప్పుడు ఎంత బరువు, ఎంత ఎత్తు వరకు అని అడగండి. క్యాంపర్‌లో నీళ్ళు, బ్యాటరీలు, చెక్కపని అన్నీ కలిపితే ఖాళీ వ్యాన్ కంటే చాలా బరువుంటుంది.)

అసలు లొల్లి సర్వీస్ సెంటర్లో మొదలైంది. అడ్వైజర్ బానెట్ ఎత్తి, టార్చ్ వేసి, ఇంజిన్ పక్క నుంచి వెనక్కి పోతున్న బొటనవేలంత లావు ఎర్ర వైరుని వేలితో ఎత్తి చూపించాడు. లోపలి ఇంటి బ్యాటరీ చార్జ్ అవడానికి ఆల్టర్నేటర్ నుంచి బిల్డర్ లాగిన వైరు అది. "ఇది మా కంపెనీ వైరు కాదు సార్." జాబ్ కార్డు మీద 'బయటి వైరింగ్ ఉంది' అని రాసేశాడు. అంటే క్లెయిమ్ కొట్టేయడానికి కారణం దొరికినట్టే. బిల్డర్‌కి ఫోన్ చేస్తే, "ఆల్టర్నేటర్ మేం పెట్టింది కాదు కదన్నా, కంపెనీదే కదా" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. మధ్యలో బండి లిఫ్ట్ మీద, మేం క్యాబ్‌లో ఇంటికి.

క్యాంపర్ అంటే ఒక బండి కాదండీ, రెండు. కింద వ్యాను, పైన ఇల్లు. వ్యానుకి ఒకరు జవాబుదారీ, ఇంటికి ఇంకొకరు. తగాదా అంతా ఆ రెంటికీ మధ్య అతుకు దగ్గరే. ఎర్ర వైరు అలాంటి అతుకు. ఏసీ కోసం టాప్‌కి కోసిన కన్నం ఒక అతుకు. వెనక సీట్లు తీసి ఫ్లోర్‌కి కొట్టిన బోల్టులు కూడా అతుకులే. మీరు ఎంత పెట్టి ఏ వారంటీ కొన్నా, అతుకు ఎవరిదో తేలకపోతే ఇద్దరూ చేతులెత్తేస్తారు.

మా క్లెయిమ్ చివరికి పాసైంది. బండి డెలివరీ రోజున మా ఆవిడ పట్టుబట్టి బిల్డర్ చేత వైరింగ్ బొమ్మ గీయించి, స్టాంపు వేయించి ఫైల్లో పెట్టింది. ఎక్కడ ఫ్యూజు, ఎన్ని ఆంపియర్లు, మధ్యలో ఏ చార్జర్ అన్నీ దాంట్లో ఉన్నాయి. లిథియం బ్యాటరీని నేరుగా ఆల్టర్నేటర్‌కి కలిపితే అది ఇచ్చినంత కరెంటూ లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వేడెక్కి మాడిపోతుంది. అలా కాకుండా మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ పెడితే మనం అనుకున్న దానికి మించి లాగదు. మాకు అది ఉంది. కంపెనీ టెక్నికల్ ఆయన వచ్చి, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూసి, లోడు హద్దులోనే ఉందని రాశాడు. లోపల డయోడ్లు పోయాయని తేలింది. కొత్తది వేశారు. ఆ కాగితం లేకపోతే మా జేబులోంచే పోయేది.

అందుకే నేను ముందే రాయించుకోమన్న ఉత్తరం ఇది: "ఫలానా చాసిస్ నంబర్ గల బండికి ఫలానా బిల్డర్ ఈ బొమ్మ ప్రకారం క్యాంపర్ పని చేస్తాడు, దీనివల్ల ఇంజిన్, గేర్‌బాక్స్, ఎలక్ట్రికల్ వారంటీ రద్దు కాదు." షోరూం లెటర్‌హెడ్ మీద, లేదా కనీసం కంపెనీ అడ్రస్ నుంచి మెయిల్లో రావాలి. సేల్స్ కుర్రాడు "ఏం కాదు మేడమ్, టెన్షన్ పడకండి" అంటే లెక్కలోకి రాదు. వచ్చే ఏడాది ఆ కుర్రాడు ఇంకో షోరూంలో ఉంటాడు. ఉత్తరం ఇవ్వం అంటే 38,000 ఇవ్వకండి. మంచం, పొయ్యి పెట్టిన రోజునే రద్దయ్యే వారంటీని డబ్బులిచ్చి ఎందుకు పొడిగించుకోవడం?

దీంతో ముడిపడిన ఇంకో సంగతి రిజిస్ట్రేషన్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం ఉంది. మీ బిల్డర్‌కి ఆ ఆమోదం ఉందా, ఆర్సీలో బండి ఏ క్లాసుగా పడుతుంది అని అడగండి. మామూలు ప్యాసింజర్ వ్యాన్‌గా రిజిస్టర్ చేసి ఆ తర్వాత లోపల ఇల్లు కడితే, వారంటీ వాళ్ళకే కాదు, ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా క్లెయిమ్ ఆపడానికి మనమే సాకు ఇచ్చినట్టు.

ఇక షోరూం వారంటీ ఎందుకు తీసుకోమంటున్నానంటే, ఇప్పటి డీజిల్ బండ్లు పాతకాలంవి కావు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు, టర్బో, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), పొగగొట్టంలో సెన్సర్లు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), వీటిలో ఏది పోయినా రాణీగంజ్‌లో పార్టు వెతికి షెడ్డు మెకానిక్‌తో వేయించుకునే రోజులు దాదాపు పోయాయి. పైగా క్యాంపర్ నెలల తరబడి కదలదు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ తనంతట తాను శుభ్రం కావాలంటే హైవే మీద ఒకే వేగంతో పోవాలి. మన బండి మాత్రం ఎప్పుడో ఒకసారి పక్కనున్న కాప్రా చెరువు దాకా వెళ్ళి వస్తుంది. ఖర్చు పెద్దది, ఎప్పుడు వస్తుందో తెలియదు. డబ్బులిచ్చి ఇంకొకరి నెత్తిన పెట్టాల్సింది సరిగ్గా ఇలాంటి ఖర్చునే.

కాకపోతే మసి పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతే 'వాడకం వల్ల' అని తోసేసే అవకాశం ఉంది. బుక్‌లెట్‌లో ఫిల్టర్ గురించి ఏం రాశారో చూడండి. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, బల్బులు, రబ్బరు గొట్టాలు, టైర్లు, బ్యాటరీ ఎలాగూ రావు.

మీరు బండి 3 ఏళ్ళలోపే అమ్మేసే ఆలోచనలో ఉంటే మాత్రం ఇదీ అక్కర్లేదు. లేదా సర్వీసు ఇంటి దగ్గర షెడ్డులో చేయించే అలవాటుంటే కూడా. ఒక్క సర్వీసు కంపెనీ బయట చేయించినా, ఆలస్యం చేసినా అదే పట్టుకుంటారు. క్యాంపర్ వాళ్ళం ఇక్కడే దొరికిపోతాం. కిలోమీటర్లు తిరగలేదు కదా, ఇప్పుడెందుకు ఆయిల్ మార్చడం అనిపిస్తుంది. కిలోమీటర్లా, నెలలా, ఏది ముందైతే అది.

బిల్డర్ ప్యాకేజీ సంగతికొస్తే, ఇంటి భాగంలో పాడయ్యేవి చాలానే ఉంటాయి, కానీ అన్నీ చిల్లరవి. నీళ్ళ పంపు అరుస్తుంది, డ్రాయర్ పట్టాలు వదులవుతాయి, టాయిలెట్ సీలు కారుతుంది. మా బండికి వానాకాలంలో టాప్ మీద ఏసీ చుట్టూ సీలెంట్ పగిలి, పైకప్పు ప్లైవుడ్ అప్పడంలా ఉబ్బింది. అలాంటిది వచ్చినప్పుడు మల్కాజ్‌గిరిలో తెలిసిన కార్పెంటర్‌ని పిలిస్తే పనైపోతుంది. ఫ్రిజ్, ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ, సోలార్ ప్యానెల్, వీటికి వాటి కంపెనీల వారంటీ ఎలాగూ ఉంటుంది. బిల్డర్ చేయాల్సిందల్లా మీ పేరు మీద బిల్లులు, సీరియల్ నంబర్లు ఇవ్వడం. చాలామంది ఇవ్వరు, తమ పేరు మీదే టోకున కొంటారు కాబట్టి. ఆఖరి పేమెంటు ఆపి మరీ అడగండి.

ఇంకా పెద్ద అనుమానం ఏంటంటే, 3 ఏళ్ళ తర్వాత ఆ షెడ్డు అక్కడే ఉంటుందా? మన ఊళ్ళో ఈ వ్యాపారం ఇంకా కొత్తది. వారంటీ అంటే ఎవరో ఒకరు రేపు కూడా ఉంటారన్న నమ్మకమే కదా. ఆ 88,500 విడిగా ఎఫ్‌డీ వేసి 'బండి డబ్బు' అని పేరు పెట్టుకోండి. ఖర్చు రాకపోతే మీదే.

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. అమెరికాలో చాసిస్‌నీ ఇంటి భాగాన్నీ కలిపి కవర్ చేసే సర్వీస్ కాంట్రాక్టులు బయటి కంపెనీలు అమ్ముతాయట. క్లెయిమ్ చేసిన ప్రతిసారీ డిడక్టిబుల్ కింద కొంత మనం కట్టుకోవాలి. యూట్యూబ్‌లో మీరు చూసే సలహాలు ఎక్కువగా ఆ కాంట్రాక్టుల గురించే. మన దగ్గర కొటేషన్‌కి వాటిని అన్వయించుకుంటే తప్పు లెక్క వస్తుంది.

మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి, వారంటీ ఉంటే అన్నీ వస్తాయన్న భ్రమ వద్దని. 2020 అక్టోబరు వానలకి సెల్లార్లలో మునిగిన బండ్లు ఆయనకి గుర్తుండే ఉంటాయి. నీళ్ళు దూరి ఇంజిన్ పోతే ఏ వారంటీ రాదు. దానికి ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకోవాలి. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చేయకూడదు, అది వేరే సంగతి. ఎలుకలు వైర్లు కొరికినా అంతే, వారంటీలో రాదు. సెల్లారులో నెలలు నిలబెట్టే బండికి ఎలుకల బెడద మామూలుది కాదు. మీ పాలసీలో అది వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. నా మట్టుకు నేను ముందు ఆ యాడ్-ఆన్ కొని, ఆ తర్వాతే వారంటీ గురించి ఆలోచిస్తాను.

మీవారు "ఖాళీగా ఉన్నప్పుడు అద్దెకి ఇద్దాం" అన్నారని రాశారు. ఆ ఆలోచన ఉంటే నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టండి. ప్రైవేటు బండికి ఇచ్చిన వారంటీ, ఇన్సూరెన్స్ రెండూ అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది. పర్మిట్టు, నంబరు ప్లేటు వేరే కథ. రేపు గొడవైతే కన్స్యూమర్ కమిషన్‌లో "మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారు కారు" అని అవతలి లాయరు మొదటి మాటగా అంటాడు. సొంత వాడకమే అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, తేలకపోతే కమిషన్‌కి వెళ్ళడానికి సమస్య వచ్చిన రోజు నుంచి 2 ఏళ్ళ గడువుంది.

ఇన్వాయిస్ ఇంకా కాలేదన్నారు కాబట్టి తొందరేం లేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీని అసలు వారంటీ ముగిసేలోపు కూడా సాధారణంగా అమ్ముతారు, రేటు మాత్రం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో ఇప్పుడే రాయించుకుంటే, బండి కట్టడం పూర్తయ్యి, ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు కట్టొచ్చు. స్కీమ్ బుక్‌లెట్‌లో మినహాయింపుల పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మీ బండికి ఏవి తగులుతాయో చూసి చెప్తాను.