కెమెరా డ్రైవర్లు రాయాలంటే ముందు ఒక్క మోడ్‌ను లెక్కగట్టండి

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. సీ బాగా వచ్చు. లినక్స్ కెమెరా డ్రైవర్లు రాసే ఉద్యోగం చేయాలని ఉంది. సెన్సార్ డ్రైవర్లు తెరిస్తే మోడ్‌కో రిజిస్టర్ల పట్టిక కనిపిస్తోంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ రిజిస్టర్ల (సెన్సార్ లోపలి సెట్టింగుల) విలువల్లో చాలావరకు సెన్సార్ తయారీదారు ఇచ్చినవే. కొన్నింటికి డేటాషీట్‌లో వివరణే ఉండదు. మీకు పట్టు ఉండాల్సింది వాటి వెనకున్న లెక్క మీద. మోడ్ అంటే రిజల్యూషన్ ఒక్కటే కాదు. సెన్సార్‌లో ఏ భాగం చదవాలి, పక్కపక్క పిక్సెళ్లను కలిపి బిన్నింగ్ చేయాలా, పిక్సెల్‌కు ఎన్ని బిట్లు, వరుసకూ ఫ్రేముకూ ఎంత సమయం... ఇవన్నీ కలిస్తేనే మోడ్.

సోనీ ఐఎంఎక్స్219 తీసుకోండి. రాస్ప్‌బెర్రీ పై కెమెరా మాడ్యూల్ 2లో ఉండేది ఇదే. సెన్సార్ నుంచి ప్రాసెసర్‌కు డేటా పంపే లింక్ ఫ్రీక్వెన్సీ 456 మెగాహెర్ట్జ్. క్లాక్ రెండు అంచుల మీదా డేటా వెళ్తుంది కాబట్టి లేన్‌కు (డేటా వెళ్లే ఒక్కో దారికి) సెకనుకు 912 మెగాబిట్లు. రెండు లేన్లు, పిక్సెల్‌కు 10 బిట్లు అంటే సెకనుకు 18.24 కోట్ల పిక్సెళ్లు. చాలా కెర్నల్ వెర్షన్లలో 1920×1080 మోడ్‌కు వరుస మొత్తం పొడవు 3448 పిక్సెళ్లు, ఫ్రేము పొడవు 1763 వరుసలు. 18.24 కోట్లను ఈ రెండింటి లబ్ధంతో భాగించండి, సెకనుకు 30 ఫ్రేములు వస్తాయి. 3448లో 1920 పోగా మిగిలిన 1528 హెచ్‌బ్లాంక్ (వరుసలో చిత్రం లేని ఖాళీ), 1763లో 1080 పోగా మిగిలిన 683 వీబ్లాంక్ (ఫ్రేములో చిత్రం లేని ఖాళీ). డ్రైవర్ పైన ఉండి కెమెరాను నడిపే లైబ్రరీ లిబ్‌కెమెరా ఎక్స్‌పోజర్‌నూ ఫ్రేమ్ రేటునూ నడిపేది ఈ రెండు కంట్రోల్స్ ఆధారంగానే. డ్రైవర్ ఇక్కడ తప్పు చెబితే పైనున్నవన్నీ తప్పుతాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. వీబ్లాంక్ పెంచి ఫ్రేమ్ రేటు తగ్గించినప్పుడు ఎక్స్‌పోజర్ గరిష్ఠ పరిమితినీ పెంచాలి. ఈ సెన్సార్‌లో అది ఫ్రేము పొడవు కంటే 4 వరుసలు తక్కువ. పాత పరిమితే ఉండిపోతే తక్కువ వెలుతురులో చిత్రం చీకటిగానే ఉంటుంది. రెండోది బేయర్ క్రమం, అంటే సెన్సార్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లు ఉండే క్రమం. చిత్రాన్ని అడ్డంగా, నిలువుగా రెండు వైపులా తిప్పి ఫార్మాట్ కోడ్ మార్చకపోతే ఎరుపు, నీలం తారుమారవుతాయి. క్రాప్‌ను (సెన్సార్‌లో చదివే భాగాన్ని) బేసి పిక్సెల్ దగ్గర మొదలుపెట్టినా బేయర్ క్రమం మారిపోతుంది.

హార్డ్‌వేర్ లేకుండా మొదలుపెట్టాలంటే కెర్నల్‌లోని విమ్‌క్ (vimc) వర్చువల్ డ్రైవర్ చాలు. మీడియా-కంట్రోల్ (media-ctl), వీ4ఎల్2-కంట్రోల్ (v4l2-ctl; వీ4ఎల్2 అంటే లినక్స్‌లో వీడియో పరికరాల ఇంటర్‌ఫేస్) టూల్స్ దాని మీద అలవాటు చేసుకోండి. తర్వాత బోర్డు, సెన్సార్ కొనండి. ముందు ఐ2సీ (సెన్సార్ రిజిస్టర్లు చదివే, రాసే రెండు తీగల బస్) మీద చిప్ ఐడీ చదవండి, ఐఎంఎక్స్219లో హెక్స్‌లో 0219 రావాలి. రాకపోతే కోడ్ జోలికి పోకుండా 2.8, 1.8, 1.2 వోల్టుల సప్లైలు, 24 మెగాహెర్ట్జ్ క్లాక్, రీసెట్ లైన్ చూడండి.

ఐఎంఎక్స్219 డ్రైవర్ మొదట్లో మోడ్‌కో పూర్తి పట్టికతో ఉండేది. తర్వాత ఉమ్మడి రిజిస్టర్లు వేరై, క్రాప్, బిన్నింగ్ విలువలను లెక్కగట్టి రాసే పద్ధతి వచ్చింది. గిట్ లాగ్‌లో ఆ ప్యాచ్‌లను వరుసగా చదవండి. డ్రైవర్ డిజైన్‌కు అంతకంటే మంచి పాఠం నాకు కనబడదు.

ఆ పైన మీరే ఒక కొత్త క్రాప్ మోడ్ చేర్చండి. లెక్కలో వచ్చిన ఫ్రేమ్ రేటు, కొలిచిన ఫ్రేమ్ రేటు, వీ4ఎల్2-కంప్లయన్స్ (డ్రైవర్ వీ4ఎల్2 నియమాలు పాటిస్తోందో పరీక్షించే టూల్) ఫలితం రెజ్యూమెలో పెట్టండి. గోప్యత ఒప్పందం మీద అందిన డేటాషీట్ పేజీలను మాత్రం ఎక్కడా బయటపెట్టకండి.