కండక్టర్ ఎంచేటప్పుడు ముందు బరువు చూడు నాయనా

నెల్లూరు

నాయనా,

లోతు సముద్రం కేబుళ్లలో కండక్టర్, అంటే కరెంటు మోసే తీగ, ఎంచే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. కార్బన్ నానోట్యూబులు (కంటికి ఆననంత సన్నటి కార్బన్ గొట్టాలు), గ్రాఫీన్ (పరమాణువంత మందం కార్బన్ పొర) కలిపిన రాగి అంటూ పేపర్లు ముందేసుకుని కూర్చున్నావట. చదువు, మంచిదే. కానీ ఏ పదార్థమైనా సరే, దాని వాహకత, అంటే కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తుందనేది తర్వాత, ముందు బరువు చూడు.

ఓ లెక్క వేసుకో. మెత్తటి రాగి తీగను సముద్రంలోకి రెండు వేల మీటర్లు వేలాడదీస్తే, నీళ్లు మోసే భాగం తీసేసినా పైకొసన 155 మెగాపాస్కల్స్ స్ట్రెస్ (అడ్డుకోతలో చదరపు మిల్లీమీటరుకు పడే లాగుడు) పడుతుంది. అందులో సగానికే ఆ రాగి సాగిపోతుంది. లావు తీగ వేస్తే సరి అనుకుంటావేమో, బలంతో పాటు బరువూ అంతే పెరుగుతుంది, 155 అలాగే ఉంటుంది. అందుకే ఆ భారాన్ని స్టీలు ఆర్మర్ (కేబుల్ చుట్టూ వేసే స్టీలు తీగల కవచం) మీదో, కార్బన్ ఫైబర్ కడ్డీల మీదో వేస్తారు. స్టీలు మళ్లీ తన బరువు తాను తెస్తుంది. ఇదేదో ఊహ లెక్క కాదు. మన కాకినాడ ఎదురుగా కేజీ-డీ6 గ్యాస్ బ్లాకులో 2020 డిసెంబరులో గ్యాస్ మొదలైన ఆర్ క్లస్టర్ అనే క్షేత్రం రెండు వేల మీటర్లు దాటిన లోతులోనే ఉంది.

అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. అంత కరెంటుకు తీగ అడ్డుకోత 1.6 రెట్లు కావాలి. అయినా బరువు సగమే, వేలాడదీస్తే స్ట్రెస్ 33 మాత్రమే.

దాని అసలు గొడవంతా జాయింటు దగ్గర. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు చూడు. అల్యూమినియం తీగకు రాగి లగ్గు (తీగ కొసకు వేసే తొడుగు) నేరుగా బిగించిన చోట ఉప్పుగాలికి తెల్లపొడి పట్టి, జాయింటు వేడెక్కి, టేపు మాడిపోయి ఉంటుంది. అక్కడైతే కాలిన కొస కోసేసి, ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉన్న బైమెటాలిక్ లగ్గు వేసి, గ్రీజు పూస్తే అరగంటలో మోటారు తిరుగుతుంది. నీ కేబులుకు రిపేరంటే ఓడ రావాలి. పైగా ఉప్పునీరు అల్యూమినియానికి తగిలితే హైడ్రోజన్ కూడా పుడుతుంది. కాబట్టి పోగుల మధ్య నీరు పాకకుండా ఏం నింపారో అడగకుండా ఏ డ్రాయింగ్ మీదా సంతకం పెట్టకు.

ఇక నానోట్యూబులు. ఒక్కో ట్యూబు గొప్పదే, దారంగా వడికాక మంచి రకాల వాహకత కూడా రాగిలో ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. బరువుకు బరువు చూస్తే రాగికి దగ్గరగా వస్తుంది, నిజమే. అమ్మేవాళ్లు చూపించే గ్రాఫూ అదే. కానీ ఆ లెక్కలో అల్యూమినియం రాగికి రెట్టింపు! పోటీ రాగితో కాదు, అల్యూమినియంతో పెట్టి చూడు.

వాళ్లు చెప్పే అంకె ఏ వేడి దగ్గర కొలిచిందో కూడా అడుగు. ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఉన్న కేబుల్ 90 డిగ్రీల దాకా నడుస్తుంది. 20 డిగ్రీలతో పోలిస్తే అక్కడ రాగి రెసిస్టెన్స్ 27 శాతం ఎక్కువ. కొత్త పదార్థానికి 90 దగ్గర ఎంతో, వంచి లాగిన తర్వాత ఎంతో చెప్పాలి. శాంపిల్ అడిగితే మీటరు ముక్క పంపుతారు. మధ్యలో ఒక జాయింటు వేసి మరీ పంపమను.

మీ పెదనాన్న