4 జీబీ చూసి పంటెక్కించుకొచ్చాను

"గేమింగ్‌కి గ్రాఫిక్స్ కార్డులో వీడియో మెమరీ ఎంత ఉండాలి, 8 జీబీ చాలా?" అని అడిగారు. మీది 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్ అయితే చాలు. అసలు ముందే జీబీలు అడగడం తప్పంటాను నేను. ఆ తప్పు 2017లో నేనూ చేశాను.

మాది సఖినేటిపల్లి దగ్గర లంక ఊరు. ఆ ఏడు రొయ్యల పట్టుబడి బాగా వచ్చిందని నాన్నగారు డబ్బులిస్తే, రేవులో పంటెక్కి గోదావరి దాటి, నరసాపురంలో బస్సెక్కి గ్రాఫిక్స్ కార్డు కోసం భీమవరం వెళ్లాను. షాపాయన రెండు పెట్టెలు తీశాడు. ఒకటి జీటీఎక్స్ 1050, 2 జీబీ. రెండోదాని మీద 4 జీబీ అని అరచేయంత అక్షరాలు, పైగా రేటు తక్కువ. "ఇది డబులండి, ఏ గేమైనా ఆడేసుకోవచ్చండి" అన్నాడు. పెట్టె పక్కన డీడీఆర్3 అని, అంటే నెమ్మదిగా నడిచే పాతరకం మెమరీ అని, చీమ తలకాయంత రాసుంది. ఎవడు చూశాడు? వచ్చేటప్పుడు పంటు మీద నీళ్లు చిందుతాయని తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాను.

రాత్రికి జీటీఏ 5 గేమ్ పెట్టాను. అందులో వీడియో మెమరీ ఎంత పడుతుందో చూపించే గీత ఒకటుంటుంది. నాది సగం కూడా నిండలేదు. సంబరపడి ఆట మొదలెడితే, నేను బటన్ నొక్కిన కాసేపటికి గానీ కారు తిరగదు. అప్పటికే గోడకి కొట్టేసి ఉంటుంది. పక్క వీధిలో మావాడి 2 జీబీ 1050లో అదే ఆట నీళ్లలా పోయేది. దాని జీడీడీఆర్5 మెమరీ సెకనుకి 112 జీబీ డేటా లాగుతుంది, నాది 30 కూడా లాగదు. చెరువు ఎంత పెద్దదైతే ఏం, తూము బెత్తెడే ఉంటే నీళ్లెప్పటికి మారతాయి? నాన్నగారు విని, "కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) అడక్కుండా రొయ్యలు కాటా వేయించుకొచ్చావు కదరా" అన్నారు.

అలాగని మెమరీ దండగని కాదు. ఈ రోజుల్లో పెద్ద గేములకి టెక్స్చర్లు (గోడలూ నేలా లాంటివాటి మీది బొమ్మలు) అల్ట్రాలో, అంటే పై మెట్టులో పెడితే 8 జీబీ నిండిపోతుంది. మిగతాది మామూలు ర్యామ్‌లోకి పోతుంది, ఆట మధ్యమధ్యలో కుదుపులిస్తుంది. ఒక మెట్టు తగ్గించుకోండి, పరువేం పోదు. అంతకంటే స్పష్టమైన 1440పీ మానిటర్ అయితే 12 జీబీ ఉండాలి, ఇంకా పైన 4కే వాళ్లకి 16. 2023లో ఆర్‌టీఎక్స్ 4060 టీఐ అనే కార్డు 8 జీబీలోనూ 16 జీబీలోనూ వచ్చింది. చిప్ (కార్డుకి మెదడు లాంటిది) మాత్రం ఒకటే. అలాంటి చోట జీబీల లెక్క చూసుకోవచ్చు. వేరే వేరే చిప్‌ల మధ్య మాత్రం ఆ లెక్క పెట్టుకోకండి.

ఇంకో మాట. యూట్యూబ్‌లో ఏసీ గదిలో కూర్చుని చెప్పేవాళ్లెవరూ కరెంటు సంగతి ఎత్తరు. మా వైపు రాత్రి అన్ని చెరువుల్లోనూ నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరగడం మొదలెడితే ఓల్టేజీ పడిపోయి ఇంట్లో ఫ్యాను నెమ్మదిస్తుంది. 8 జీబీకి బదులు 12 కొనే డబ్బులుంటే, ముందు మంచి పవర్ సప్లై, యూపీఎస్ కొనండి. కార్డు బతికుంటే కదా ఎన్ని జీబీలైనా.

నా 4 జీబీ కార్డు ఇప్పుడు చెరువు గట్టు మీద షెడ్డులో, సీసీ కెమెరాలు చూసే కంప్యూటర్‌లో ఉంది. తీసేద్దామంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు.